అప్పు లేనివాడు, ఇల్లు విడవనివాడు: యక్షప్రశ్నల్లో ఒక జవాబు

 

పోయిన వారం వీడియోలో యక్షప్రశ్నలు చెప్పుకుంటూ ఒకచోట నేను కొంచెం తడబడ్డాను. "సంతోషంగా ఉండేవాడు ఎవడు?" అనే ప్రశ్న దగ్గర. జవాబు తెలియక కాదు. ఆ జవాబు మా ఇంటి విషయం కాబట్టి. కెమెరా ముందు చెప్పడానికి నోరు రాలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు కథ. పాండవుల అరణ్యవాసం అయిపోవస్తోంది. ఒక బ్రాహ్మణుడి అరణిని లేడి కొమ్ములకు తగిలించుకుని పారిపోతే, ఐదుగురూ దాని వెంట పరిగెత్తి అలసిపోయారు. దాహం. నకులుడు నీళ్ళకు వెళ్ళాడు, రాలేదు. సహదేవుడు వెళ్ళాడు, అతనూ రాలేదు. తర్వాత అర్జునుడు, ఆ తర్వాత భీముడు. చివరికి ధర్మరాజు వెళ్ళి చూస్తే మడుగు గట్టున నలుగురు తమ్ముళ్ళూ పడి ఉన్నారు. నా ప్రశ్నలకు జవాబు చెప్పి అప్పుడు నీళ్ళు ముట్టుకో అన్నాడు యక్షుడు. మన తెలుగు భారతంలో ఇది అరణ్యపర్వం చివర, ఎర్రన గారు పూర్తి చేసిన భాగంలో వస్తుంది.

ప్రశ్నలు చాలా ఉన్నాయి. ఆఖర్న అడిగేవాటిలో ఒకటి ఇది. ధర్మరాజు చెప్పిన జవాబు రాజు చెప్పే జవాబులా ఉండదు. పొద్దు వాలాక అయినా సరే, తన ఇంట్లో తాను ఇంత ఆకుకూర వండుకుని తినేవాడు, ఎవరికీ బాకీ లేనివాడు, ఇల్లు వదిలి పరాయిచోట పడి ఉండనివాడు, వాడు సంతోషంగా ఉంటాడు అంటాడు. ఏనుగులు, గుర్రాలు, రాజ్యం, ఏవీ లేవు అందులో.

ఈ మాట ఎవరు అంటున్నారో చూడండి. జూదంలో సర్వం ఓడి, పదమూడేళ్ళు బాకీ పడ్డ మనిషి. పన్నెండు తీర్చాడు, ఒక్క ఏడాది మిగిలి ఉంది. పైగా ఇల్లు లేదు, అడవిలో ఉన్నాడు. తాను చెప్పిన సంతోషంలో ఒక్కటీ తన దగ్గర లేదు. పుస్తకంలో చదివి చెప్పిన జవాబు కాదు అది, పోగొట్టుకున్నవాడు చెప్పిన జవాబు. నాకు అలాగే అనిపిస్తుంది.

ఇక నా సంగతి.

మాది కడప జిల్లాలో ఒక పల్లెటూరు. నాయనకు మూడెకరాల మెట్ట, శెనక్కాయ వేస్తాం. నేను 2019లో ఇంజినీరింగ్ అయిపోగొట్టి బెంగళూరులో ఉద్యోగంలో చేరాను. సాఫ్ట్‌వేర్ అనగానే లక్షలు అనుకుంటారు ఊళ్ళో. చేతికి వచ్చింది నెలకు 25,000. అందులో పీజీకి 8,000 పోయేది. అప్పటికే నా పేరు మీద విద్యారుణం 3 లక్షల 60 వేలు ఉంది.

నాయన పేరు మీద ఇంకో అప్పు ఉంది. అక్క పెళ్ళప్పుడు ఊళ్ళో ఒకాయన దగ్గర లక్షా 80 వేలు తీసుకున్నాడు, రెండు రూపాయల వడ్డీకి. నూటికి నెలకు రెండు రూపాయలు అంటే ఏడాదికి 24 శాతం. వినడానికి రెండే రూపాయలు కదా, అందుకే అది అంత ప్రమాదం. ప్రోనోటుకు మూడేళ్ళు గడువు. మూడేళ్ళకు వడ్డీ 1,29,600 అయింది. మొత్తం 3,09,600. ఆ పెద్దమనిషి 9,600 వదిలేసి, 3 లక్షలకు కొత్త నోటు రాయించుకున్నాడు. మా నాయన ఆయనకు చేతులు జోడించి "గొప్ప మేలు చేసినావు అన్నా" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. నెలకు ఆరు వేలు వడ్డీ కట్టే నోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం పెట్టి, దండం పెట్టి వచ్చాం.

మూడో అప్పు పూర్తిగా నా తెలివితక్కువ. క్రెడిట్ కార్డు. ఫోను, బండి మొదటి కంతు, స్నేహితుడి పెళ్ళికి గోవా. 2020 చివరికి 80,000. నెలనెలా "కనీసం కట్టాల్సింది" అని వస్తుంది కదా, 4,000 కట్టేసి కట్టాననుకునేవాణ్ణి. వడ్డీ నెలకు మూడున్నర శాతం, అంటే 2,800. దాని మీద 18 శాతం జీఎస్టీ 504. నేను కట్టిన నాలుగు వేలలో అసలుకు పోయింది 696 రూపాయలు. ఈ లెక్క నేను ఇంజినీరింగ్ చదివి కూడా పధ్నాలుగు నెలల పాటు వేసుకోలేదు.

ఒక కిస్తు తప్పితే ఫోన్లు మొదలు. హరిశ్చంద్ర నాటకం చూసినవాళ్ళకు నక్షత్రకుడు తెలుసు. ఎక్కడికి పోతే అక్కడికి వెంట వచ్చే బాకీ మనిషి. మీటింగులో ఉంటే ఒకసారి, అన్నం ముందు కూర్చుంటే ఒకసారి. హరిశ్చంద్రుడు విశ్వామిత్రుడి బాకీ కోసం కాశీలో ఆలుబిడ్డల్ని అమ్మి, తానూ అమ్ముడుపోయాడు. చిన్నప్పుడు ఆ కథలో సత్యం గొప్పదని చెప్పేవారు. నాకు ఇప్పుడు ఇంకొకటి కూడా కనపడుతుంది. ఆయన బాకీ ఎంత, గడువు ఎన్ని రోజులు అని ఒక్కసారి కూడా మర్చిపోలేదు. నక్షత్రకుడి నుంచి దాక్కోలేదు. నేను ఫోను సైలెంట్‌లో పెట్టేవాణ్ణి.

అప్పుడే ఋణవిమోచన నృసింహ స్తోత్రం మొదలుపెట్టాను. చాలామంది అడుగుతారు, చదివితే అప్పులు తీరతాయా అని. నేను మండలం రోజులు చదివాను కాబట్టి నా అనుభవం చెబుతాను, శాస్త్రం చెప్పడం లేదు. నలభై ఒకటో రోజు కూడా నా బాకీ అంతే ఉంది, కొంచెం పెరిగింది కూడా. జరిగిందేమిటంటే రోజూ పొద్దున స్వామి ముందు కూర్చుని "నా అప్పు తీర్చు" అంటున్నాను, ఎంత అప్పో నాకే తెలియదు. పదో రోజో పన్నెండో రోజో సిగ్గేసింది. చదవడం అయ్యాక అక్కడే కూర్చుని కాగితం మీద మూడు అప్పులూ రాశాను. మొత్తం 7 లక్షల 40 వేలు. చెయ్యి వణికింది. అయినా దేవుడి ముందు కూర్చుని రాసిన కాగితం కదా, చింపేయలేకపోయాను. నా వరకు నృసింహుడు చేసింది అదే.

ఆఫీసులో ఒక మిత్రుడు ఉండేవాడు. "ఏడుకొండలవాడే కుబేరుడికి ఇంకా వడ్డీ కడుతున్నాడు, మనమెంత" అనేవాడు. నవ్వు వచ్చే మాటే. పద్మావతి అమ్మవారి పెళ్ళికి స్వామి కుబేరుడి దగ్గర అప్పు చేశాడని, కలియుగం చివరిదాకా వడ్డీ కడుతూ ఉంటాడని మనందరికీ తెలిసిన కథ. తిరుపతిలో గోవిందరాజస్వామి తల కింద కుంచం పెట్టుకుని పడుకుని ఉంటాడు, తమ్ముడి బాకీ డబ్బు కొలిచి కొలిచి అలసిపోయాడని పెద్దలు చెబుతారు. ఆ కథలో నాకు కనపడేది అప్పు కాదు, అంత పెద్ద దేవుడు కూడా బాకీ ఎగ్గొట్టలేదనేది. దాన్ని మన కంతుల బతుకుకు సాకు చేసుకుంటే, శివుడు హాలాహలం మింగాడని మనమూ మింగడానికి పోయినట్టే.

తీర్చిన విధానంలో పెద్ద రహస్యం ఏమీ లేదు. ఎక్కువ వడ్డీది ముందు. కార్డు, తర్వాత నాయన నోటు, చివర విద్యారుణం. అమ్మ తన నాలుగు గాజులు, ఒక చైను ఇచ్చింది. వాటిమీద బ్యాంకులో లక్షన్నర వచ్చింది, ఏడాదికి 9 శాతం. దాంతో నాయన నోటులో సగం కట్టేశాం. ఆ సగానికి ఏడాదికి 36,000 వడ్డీ పోయేది, 13,500కి దిగింది. బంగారం పెట్టొద్దు అంటారు చాలామంది పెద్దలు. కొత్త చీరలకో టీవీకో పెడితే తప్పే. 24 శాతం వడ్డీని 9కి దించుకోవడానికి బీరువాలో ఉన్న బంగారం కంటే మంచి సాధనం మా ఇంట్లో ఇంకేముంది?

ఆ రోజుల్లోనే కరోనా వల్ల ఇంటి నుంచే పని. ఒకటిన్నర సంవత్సరం ఊళ్ళోనే ఉన్నాను. సిగ్నల్ కోసం మిద్దె ఎక్కి, నీళ్ళ ట్యాంకు నీడలో ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేశాను. పీజీ అద్దె లేదు, బయట తిండి లేదు. మధ్యాహ్నం రాగిసంగటి, గట్టు మీద కోసుకొచ్చిన చెంచలాకు పప్పు, లేకపోతే పొనగంటాకు. జీతంలో మూడు వంతులు బాకీలకు పోయేది, అయినా ఇబ్బంది అనిపించలేదు. ధర్మరాజు చెప్పిన ఆకుకూర నేను తిన్నాను, ఆయన చెప్పినట్టు సొంతింట్లోనే తిన్నాను. అప్పుడు మాత్రం అది తెలియలేదు. ఎప్పుడు బెంగళూరు పిలుస్తారా అని చూసేవాణ్ణి.

2022లో ఉద్యోగం మారాను, జీతం కొంచెం పెరిగింది. 2024 ఫిబ్రవరిలో చివరి కంతు కట్టాను. అమ్మ గాజులు అప్పటికే ఇంటికొచ్చాయి. నాయన రద్దయిన ప్రోనోటు తెచ్చి ఇనప్పెట్టెలో పెట్టుకున్నాడు. చించేయరా అంటే చించలేదు.

అసలు కథ ఇక్కడి నుంచి చెడింది.

అప్పు తీర్చడానికి పట్టిన పట్టు, అప్పు తీరాక కూడా వదల్లేదు. నలభై ఐదేళ్ళకే ఉద్యోగం మానేయాలి అనే ఆలోచన పట్టుకుంది. ఏడాది ఖర్చుకు ఇరవై ఐదు రెట్లు కూడబెడితే చాలు, ఏటా అందులో 4 శాతం తీసుకుని బతకొచ్చు అని ఒక లెక్క ఉంది. 1994లో విలియం బెంగెన్ అనే అమెరికా ఆర్థిక సలహాదారు వేసింది. నా ఖర్చు నెలకు 30,000 అనుకుంటే ఏడాదికి 3 లక్షల 60 వేలు, దానికి ఇరవై ఐదు రెట్లు 90 లక్షలు. సరే అనుకున్నాను. తర్వాత చూస్తే ఆయన లెక్క అమెరికా మార్కెట్టుది, ముప్ఫై ఏళ్ళకు వేసింది. నేను నలభై ఏళ్ళు బతకాలి, ధరలు మన దగ్గర వేరు. ముప్ఫై మూడు రెట్లు అనుకుందాం అంటే దాదాపు కోటీ 20 లక్షలు. పెళ్ళయితే? కోటిన్నర. పిల్లలు? రెండు కోట్లు. జీతం 58,000, గమ్యం నెలనెలా దూరం జరుగుతోంది.

భాగవతం ఎనిమిదో స్కంధంలో బలి చక్రవర్తి ఏం కావాలో అడుగు అంటే వామనుడు మూడడుగులు చాలన్నాడు. ఇంకా అడుగు, చిన్నవాడివి, తెలియక అడుగుతున్నావు అంటాడు బలి. మూడడుగులతో తృప్తి లేనివాడికి ఒక ద్వీపం ఇచ్చినా తృప్తి ఉండదు అనే అర్థంలో జవాబు చెబుతాడు స్వామి. ఈ ఘట్టం నేను వీడియోలో రెండుసార్లు చెప్పాను. చెప్పిన రోజు రాత్రే షీటు తెరిచి కోటిన్నరను రెండు కోట్లు చేశాను. నవ్వుకోండి, పర్వాలేదు.

షీటులో ప్రతి రూపాయికీ ఒక గడి. నెలకు 20,000 పొదుపు, అందులో ఒక్క రూపాయి తగ్గితే గడి ఎర్రబడేట్టు పెట్టాను. అక్క ఫోన్ చేసి "నలభై ఐదుకు మానేసి ఏం చేస్తావురా?" అని అడిగింది ఒకసారి. "ఏమైనా చేస్తా, నా ఇష్టం" అన్నాను. నిజానికి జవాబు లేదు. మన ఆశ్రమధర్మంలో కూడా ఇల్లు అప్పగించి తప్పుకోవడం ఉంది, వానప్రస్థం అంటాం. కానీ అది తల నెరిసి, మనవల్ని చూశాక, చేయాల్సినవన్నీ చేశాక. గృహస్థు మిగతా మూడు ఆశ్రమాలవాళ్ళకూ అన్నం పెట్టేవాడు. నేను గృహస్థు కూడా కాకముందే వానప్రస్థానికి టికెట్టు కొనుక్కుంటున్నాను.

పోయిన సంవత్సరం దసరాకు ఊరికి పోయినప్పుడు ఆ షీటు నాయనకు చూపించాను. అప్పులన్నీ పచ్చరంగులో, పొదుపు ఎలా పెరుగుతోందో గీతతో సహా. ఆయన ఫోను దగ్గరికి పట్టుకున్నాడు, దూరం పెట్టాడు, మళ్ళీ దగ్గరికి తెచ్చుకున్నాడు. "బాగుందిరా" అన్నాడు. నాకు చాలా గర్వంగా అనిపించింది.

2025 సంక్రాంతికి మళ్ళీ పోయాను. సాయంత్రం చేనికి పోదాం బండి తియ్యి నాయనా అంటే "నువ్వే నడుపు" అన్నాడు. ఆయన టీవీఎస్ ఎక్సెల్ నన్ను తోలనిచ్చేవాడే కాదు. రాత్రి అన్నం తినేటప్పుడు నీళ్ళ చెంబు అనుకుని మజ్జిగ గిన్నెలో చెయ్యి పెట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఆయన పడుకున్నాక అమ్మను అడిగాను.

రెండు కళ్ళల్లోనూ శుక్లాలు. కుడి కంటిలో బాగా ముదిరింది. ఏడాది కిందటే డాక్టరు ఆపరేషన్ చేయించమన్నాడు.

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నీకు చెప్పొద్దన్యాడు. వాడి లెక్క చెడిపోతాది, ఆ గడి ఎర్రగయిపోతాదంట, ఇంకొన్నాళ్ళు పోనీలే అన్యాడు."

మా సీమలో డబ్బును కూడా లెక్క అనే అంటాం. అమ్మ ఏ లెక్క గురించి అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. దసరాకు ఆయన ఆ షీటు చూడలేదు. ఆయనకు కనపడలేదు. కనపడనిదాన్ని బాగుందన్నాడు.

ఆ రాత్రి మిద్దె మీద కూర్చుంటే యక్షప్రశ్నల్లో మిగతా భాగం గుర్తొచ్చింది. మనం ప్రశ్నలూ జవాబులూ చెప్పుకుని అక్కడితో ఆపేస్తాం. తర్వాత ఒకటుంది. జవాబులకు సంతోషించి, నీ తమ్ముళ్ళలో ఒక్కణ్ణి బతికిస్తాను, ఎవరు కావాలో కోరుకో అంటాడు యక్షుడు. షీటు వేస్తే ఎవరు రావాలి? అర్జునుడు. లేకపోతే భీముడు. ముందు అజ్ఞాతవాసం ఉంది, ఆ తర్వాత యుద్ధం ఉంది, ఆ ఇద్దరిలో ఒకరు లేకుండా రాజ్యం తిరిగి రాదు. ధర్మరాజు నకులుణ్ణి అడిగాడు. యక్షుడే ఆశ్చర్యపోయి ఎందుకని అడిగాడు. మా నాయనకు ఇద్దరు భార్యలు, కుంతికి కొడుకుగా నేనున్నాను, మాద్రికి కూడా ఒక కొడుకు ఉండాలి కదా అన్నాడు.

మాద్రి అప్పటికి చనిపోయి ఎన్నో ఏళ్ళయింది. ఆమె వచ్చి బాకీ అడగదు. నోటు లేదు, సాక్షి లేడు, నక్షత్రకుడు లేడు. అప్పు లేనివాడు సంతోషంగా ఉంటాడని అంతకు కాసేపటి ముందే చెప్పిన మనిషి, ఎవరూ అడగని బాకీ ఒకటి గుర్తుపెట్టుకుని, తన రాజ్యాన్ని పణంగా పెట్టి తీర్చాడు. మనిషి పుట్టుకతోనే దేవతలకు, ఋషులకు, పితరులకు బాకీ అని వేదం చెబుతుందని నేను ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. నా షీటులో మూడు అప్పులు రాసుకున్నాను, మూడూ బ్యాంకు అప్పులూ ఊరి అప్పులే.

ఇప్పటికీ ఒక విషయం తేల్చుకోలేకపోతున్నాను. పొదుపు చేయకపోతే ఆపరేషన్‌కు డబ్బు ఉండేది కాదు. పొదుపు చేయడం వల్లే ఆపరేషన్ ఏడాది ఆగింది. రెండూ నిజాలే. అందుకని డబ్బు దాచొద్దు, అంతా దేవుడు చూసుకుంటాడు అని నేను చెప్పను. అలా చెప్పేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. రెండు రూపాయల వడ్డీకి సంతకం పెట్టేటప్పుడు ఏ దేవుడూ చెయ్యి పట్టుకోలేదు మా నాయనకు. దాచుకోవాల్సిందే, ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాల్సిందే. అమ్మానాన్నలకు ఆరోగ్య బీమా చిన్నప్పుడే అంటే మనకు ఉద్యోగం వచ్చిన మొదట్లోనే తీసుకోండి. శుక్లాల లాంటివాటికి చాలా పాలసీల్లో రెండేళ్ళు ఆగితే గానీ డబ్బు రాదు. నేను 2019లో తీసుకుని ఉంటే ఈ కథే ఉండేది కాదు. నెలనెలా ప్రీమియం దండగ అనుకున్నాను.

ఫిబ్రవరిలో తిరుపతిలో కుడి కంటికి ఆపరేషన్ చేయించాం. 28,000 అయింది. ఆ నెల గడి ఎర్రబడింది. నా పొదుపు ప్రకారం చూస్తే నా రిటైర్మెంటు తేదీ నలభై రెండు రోజులు వెనక్కి పోయింది. నలభై రెండు రోజులు. దానికోసం ఆయన ఏడాదిపాటు మజ్జిగకూ నీళ్ళకూ తేడా తెలియకుండా కూర్చున్నాడు.

వేసవిలో రెండో కన్ను కూడా అయింది. ఇప్పుడు నెలలో పది రోజులు ఊరి నుంచి పని చేసేలా ఆఫీసులో అడిగి ఒప్పించుకున్నాను. ఇంకా ఎక్కువ అడగాలనుంది, చూడాలి. నలభై ఐదు అనే అంకె షీటులోంచి తీసేశాను. రెండు కోట్ల గడి కూడా తీసేశాను, కోటీ 20 దగ్గర ఆపాను. అది వచ్చినప్పుడు వస్తుంది. పైన ఒక కొత్త వరస వేసి పితృఋణం అని పేరు పెట్టాను, నెలకు 5,000. దానికి చివరి తేదీ గడి ఖాళీగా ఉంచాను. ఎక్సెల్ ఒప్పుకోవడం లేదు, తప్పు చూపిస్తోంది, ఉండనీ అని వదిలేశాను.

మొన్న ఆదివారం ఊళ్ళో ఉన్నాను. అరుగు మీద కూర్చుని నాయన అడిగాడు, "ఆ పొద్దు చూపిస్తివే, ఆ లెక్క మళ్ళా చూపీ." ఫోను ఇచ్చాను. నల్లద్దాలు తీసి పక్కన పెట్టి, మామూలు దూరంలో పట్టుకుని, పైనుంచి కిందికి చాలాసేపు చదివాడు. పెదాలు కదులుతున్నాయి. పచ్చగడులు, ఎర్రగడి, పితృఋణం అన్నీ దాటుకుంటూ పోయాడు. నేను ఏమంటాడా అని చూస్తున్నాను.

"మోటారు రిపేరు రాయలేదేరా," అన్నాడు. "పోయిన నెల నాలుగు వేలయింది."

రాశాను.

ఓం నమో వేంకటేశాయ.